గేమ్‌ప్యాడ్ చేతిలో మారిపోయిన కారు: ఒక హ్యాండ్లింగ్ అప్‌డేట్‌పై కేస్ స్టడీ

నేపథ్యం

రేసింగ్ గేముల్లో టైర్లు, సస్పెన్షన్, స్టీరింగ్ ఎలా ప్రవర్తించాలో నిర్ణయించే ఫిజిక్స్ కోడ్ రాయడం నా వృత్తి. ఈ కేసు జరిగినప్పుడు ఆ పని చేసే చిన్న బృందంలో నేనూ ఉన్నాను. గేము పేరు, సంస్థ, కార్లు, కాలం వంటి వివరాలను కావాలనే వదిలేస్తున్నాను. అంకెలను కొంత సవరించి గుండ్రం చేశాను కానీ, ఒక అంకెకూ మరో అంకెకూ ఉన్న సంబంధాన్ని మార్చలేదు. ఈ కేసులో పనికొచ్చేదంతా ఆ సంబంధాల్లోనే ఉంది.

గేము విడుదలై చాలాకాలమైంది, క్రమం తప్పకుండా అప్‌డేట్లు వెళ్తున్నాయి. ఆడేవారిలో అత్యధికులు గేమ్‌ప్యాడ్ వాడేవారు. స్టీరింగ్ వీల్ వాడేవారు సంఖ్యలో తక్కువే అయినా, ఎక్కువ గంటలు ఆడేదీ, లోపాలను వివరంగా రాసి పంపేదీ వాళ్లే. వాళ్ల నుంచి చాలాకాలంగా ఒకే ఫిర్యాదు వస్తోంది: కారు నేల మీద కాక నీటి మీద తేలుతున్నట్టుందని, మలుపులో శుభ్రంగా వెళ్లినవాడి కంటే కారును పక్కకు జార్చుకుంటూ వెళ్లినవాడే ముందుంటున్నాడని.

ఆ ఫిర్యాదు న్యాయమైనదే. చక్రం చూస్తున్న దిశకూ, అది నిజంగా కదులుతున్న దిశకూ మధ్య ఉండే కోణాన్ని స్లిప్ యాంగిల్ అంటాం. ఈ కోణం పెరిగేకొద్దీ టైరు కారును పక్కకు లాగే బలం కూడా పెరుగుతూ ఒక శిఖరానికి చేరుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది. 1987లో బేకర్, నైబోర్గ్, పచెయ్కా ప్రచురించిన పరిశోధనతో వెలుగులోకి వచ్చి, తర్వాత మ్యాజిక్ ఫార్ములాగా పేరుపడిన సూత్రం ఈ వంపునే కొద్దిపాటి గుణకాలతో గీస్తుంది. మా గేములో ఉన్నది కూడా దాని రూపాంతరమే. మా పాత టైరులో శిఖరం దాదాపు 9 డిగ్రీల దగ్గర ఉండేది, అది దాటాక కూడా వంపు చాలాదూరం బల్లపరుపుగా సాగేది. అంటే ఎంత జారినా పట్టు పోయేది కాదు. అది పోటీని పాడుచేస్తోందని మేమూ ఒప్పుకున్నాం.

అందుకే శిఖరాన్ని 6.5 డిగ్రీలకు తెచ్చి, దాని తర్వాత పట్టు స్పష్టంగా తగ్గేటట్టు చేశాం. దానితోపాటు రిలాక్సేషన్ లెంగ్త్‌ను, అంటే స్టీరింగ్ తిప్పాక టైరులో పూర్తి బలం పుట్టడానికి అది దొర్లవలసిన దూరాన్ని, 0.5 మీటరు నుంచి 0.15 మీటరుకు తగ్గించాం. కారు చెప్పినమాట వెంటనే వినాలన్నది ఉద్దేశం. మొదటి మార్పు సరైనదని ఇప్పటికీ నమ్ముతున్నాను. రెండోది అంత తొందరపడి చేయవలసింది కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

పరీక్షకు మూడు వారాలు అనుకున్నది ఆరు పనిదినాలకు కుదించుకుపోయింది. కొత్త సీజన్ తేదీ ముందే ప్రకటించాం కాబట్టి, ఆలస్యమైన పనులన్నీ పరీక్షా సమయాన్నే తిన్నాయి. పరీక్షించింది నలుగురం, నలుగురమూ వీల్ వాడేవాళ్లమే. మా దగ్గర ఏళ్లుగా వాడుతున్న ఒకే పరీక్షా ట్రాక్ ఉండేది, దాని ప్రతి మలుపూ మాకు కంఠస్థం. రాత్రుళ్లు గేము నడిపే కంప్యూటర్ డ్రైవర్లతో వేల ల్యాప్‌లు తిప్పించాం. వాటిలో ఒక్క కారు కూడా అదుపు తప్పలేదు. మా ల్యాప్ టైములు పాతవాటికి సెకనులో పదోవంతుల తేడాలోనే ఉన్నాయి. పరీక్షా పత్రంలో హ్యాండ్లింగ్ కింద ఒకే ఒక గడి ఉండేది: "బాగుందా?" నలుగురమూ బాగుందనే రాశాం, నిజంగానే బాగుంది.

ఎదురైన సమస్య

అప్‌డేట్ వెళ్లిన మొదటి రాత్రికే రెండు రకాల ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. కారు అసలు తిరగడంలేదని, గేమ్‌ప్యాడ్‌లో స్టీరింగ్‌గా పనిచేసే చిన్న పుల్లను, అంటే స్టిక్‌ను, చివరిదాకా నెట్టినా ముక్కు బయటి గట్టుకే వెళ్తోందని కొందరు రాశారు. కారు ఉన్నట్టుండి గిర్రున తిరిగిపోతోందని, మలుపు సగంలో వెనకభాగం ముందుకు వచ్చేస్తోందని ఇంకొందరు రాశారు. మొదటిది అండర్‌స్టీర్, రెండోది ఓవర్‌స్టీర్. రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. వీల్ వాడేవారి నుంచి మాత్రం అభినందనలు వచ్చాయి. కొద్దిమంది మాత్రం పొడవైన స్ట్రెయిట్లలో, అంటే ట్రాక్‌లోని తిన్నని భాగాల్లో, వీల్ చేతిలో జిల్లుమని వణుకుతోందని రాశారు. దాన్ని పరికరపు లోపంగా భావించి సపోర్టు విభాగానికి పంపేశాం.

ఇక్కడే మా మొదటి తప్పు ఆలోచన మొదలైంది. వ్యతిరేక ఫిర్యాదులు రెండు వేర్వేరు గుంపుల నుంచి వస్తున్నాయని, ఒక్కొక్కరి డ్రైవింగ్ పద్ధతిని బట్టి ఒక్కో సమస్య కనిపిస్తోందని అనుకున్నాం. రెండు ఫిర్యాదుల్నీ ఒకే మనిషి ఒకే సందేశంలో రాసిన ఉదాహరణలు మా ముందే ఉన్నా, అవి ఆవేశంలో రాసినవని పక్కన పెట్టాం. ఆ సందేశాలను ఆ రోజే శ్రద్ధగా చదివి ఉంటే రెండు వారాలు మిగిలేవి.

చేసి చూసినవి, ఫలించనివి

వెంటనే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లాలా అన్న చర్చ మొదట వచ్చింది. నేను వెనక్కి వెళ్లాలనే వాదించాను కానీ అది సాధ్యం కాలేదు. టైరు మార్పు, రోడ్డు ఉపరితలాల మార్పు, కార్లు ఢీకొన్నప్పుడు జరిగే లెక్కల మార్పు, మూడూ ఒకే బిల్డ్‌లో, అంటే గేము తయారీ ప్రతిలో, ఒకదానిపై ఒకటి ఆధారపడి వెళ్లాయి. టైరును మాత్రమే వెనక్కి తీసుకుంటే కొత్త ఉపరితలాల మీద పాత టైరు ఎలా నడుస్తుందో ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించని ఒకదాన్ని సరిదిద్దడానికి పరీక్షించని ఇంకొకదాన్ని పంపడం సరికాదని నిర్ణయించాం. పైగా కొత్త ఫిజిక్స్ మీద అప్పటికే లీడర్‌బోర్డు రికార్డులు నమోదవుతున్నాయి.

రెండో ప్రయత్నంగా వెనక టైర్ల పట్టును 4 శాతం పెంచి హాట్‌ఫిక్స్, అంటే అత్యవసర సవరణ, పంపాం. కారు గిర్రున తిరిగే ఫిర్యాదులే ఎక్కువ కోపంతో వచ్చాయి, ఆడేటప్పుడు గేము మాకు పంపే కొలతల్లో, అంటే టెలిమెట్రీలో, కూడా అదుపు తప్పిన ఘటనలు పెరిగినట్టు కనిపించింది. కాబట్టి వెనకభాగాన్ని నేలకు అంటిపెట్టి ఉంచడమే మార్గమనిపించింది. ఫలితంగా తిరిగిపోవడం కొద్దిగా తగ్గింది, తిరగకపోవడం మరింత పెరిగింది, అప్పటిదాకా సంతోషంగా ఉన్న వీల్ వాడేవారికి కూడా కారు మొద్దుబారినట్టయింది. ఈ హాట్‌ఫిక్స్‌ను మళ్లీ మేమే నలుగురం, మళ్లీ అదే ట్రాక్ మీద, ఈసారి ఒక్క మధ్యాహ్నంలో పరీక్షించాం. లోపాన్ని దాటించిన పరీక్షనే ఆ లోపానికి వేసిన మందును కూడా పరీక్షించడానికి వాడాం. ఈ కేసులో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

మూడోసారి గేమ్‌ప్యాడ్ వాడేవారికి స్టెబిలిటీ అసిస్ట్‌ను డిఫాల్ట్‌గా బలపరిచాం. అది కారు దారి తప్పాక ఒక్కో చక్రానికి బ్రేకు వేసి సరిచేసే సహాయం, అంటే తప్పు జరిగిన తర్వాతే పనిచేస్తుంది. కొత్తవారికి కొంత ఊరటనిచ్చింది. వేగంగా ఆడేవారు దాన్ని తీసేశారు, సమస్య వాళ్ల దగ్గర అలాగే మిగిలింది.

కారణం ఎలా దొరికింది

ఆ దశలో ఏ విలువనూ మార్చకూడదని పట్టుబట్టాను. కారణం తెలియకుండా మార్చే ప్రతి విలువా తర్వాతి ఫిర్యాదులకు అర్థం లేకుండా చేస్తుంది. వచ్చినది పాత లోపమో, నిన్నటి మార్పువల్ల పుట్టినదో చెప్పలేని స్థితికి అప్పటికే చేరుకున్నాం.

మా రీప్లే ఫైళ్లలో కారు స్థానంతోపాటు ఆటగాడు ఇచ్చిన ప్రతి కదలికా నమోదై ఉంటుంది. పాత వెర్షన్‌లో గేమ్‌ప్యాడ్‌తో ఆడిన ల్యాప్‌లను తీసుకుని, అవే కదలికలను కొత్త ఫిజిక్స్‌కు ఇచ్చి చూద్దామనుకున్నాం. ల్యాప్ మొత్తాన్ని అలా నడపడం కుదరదు. కారు మొదటి మలుపులో అరమీటరు పక్కకు వెళితే చాలు, రెండో మలుపులో ఆటగాడు చేసిన కదలికకు అర్థమే ఉండదు, ఎందుకంటే అతను తన కళ్లముందున్న కారుకు స్పందించాడు గాని మన కారుకు కాదు. అందుకని ఒక్కో మలుపును విడదీసి, ప్రవేశంలో కారు వేగం, దిశ, బరువు పంపకం పాత ఫైలులో ఉన్నట్టే పెట్టి, కేవలం 3 సెకన్లు నడిపించాం. ఆ కొద్ది వ్యవధిలో రెండు ఫిజిక్స్‌ల మధ్య తేడాను నమ్మదగినట్టు చూడవచ్చు.

అలా చూసిన మొట్టమొదటి మలుపును ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో ప్రవేశించే మామూలు ఎడమ మలుపు అది. స్టిక్ మధ్య నుంచి చివరికి చేరడానికి సెకనులో పదోవంతు కూడా పట్టలేదు. గేమ్‌ప్యాడ్ బొటనవేలికి అది సహజం. ముందు టైర్ల స్లిప్ యాంగిల్ 6.5 డిగ్రీలు దాటి, ఆగకుండా 9 దాకా వెళ్లి అక్కడే నిలిచింది. పాత టైరుకు అది సరిగ్గా శిఖరం. కొత్త టైరుకు అది శిఖరం దాటి కిందికి దిగిన చోటు. ముక్కు బయటికి సాగింది. ఆటగాడికి చేయగలిగింది ఇంకేమీ లేదు, స్టిక్ ఇప్పటికే చివర ఉంది. యాక్సిలరేటర్ వదిలాడు. బరువు ముందుకు వచ్చింది, వెనక టైర్లు తేలికయ్యాయి. గట్టు దగ్గరపడటంతో స్టిక్‌ను సగానికి తగ్గించాడు. కోణం 9 నుంచి 6.5కు తగ్గుతున్నకొద్దీ టైరు శిఖరం వైపు తిరిగి ఎక్కుతుంది కాబట్టి, స్టీరింగ్ తగ్గించేకొద్దీ కారు ఇంకా బలంగా తిరగడం మొదలుపెట్టింది. తేలికైన వెనక టైర్లు ఆ మలుపును తట్టుకోలేక శిఖరం దాటేశాయి. కారు గిర్రున తిరిగింది.

"తిరగడంలేదు", "తిరిగిపోతోంది" అన్న రెండు ఫిర్యాదులకూ మధ్య ఉన్న దూరం అర సెకను మాత్రమే. రెండూ రాసిన మనుషులు ఆవేశంలో రాయలేదు, చూసింది చూసినట్టు రాశారు.

ఆ వెంటనే ముందు టైర్ల స్లిప్ యాంగిల్‌ను వాడే పరికరాన్ని బట్టి విడదీసి గ్రాఫు గీశాం. వీల్ వాడేవారి కొలతల గుట్ట 6 డిగ్రీల చుట్టూ ఉంది, గేమ్‌ప్యాడ్ గుట్ట 9 దగ్గర గోడకు ఆనించినట్టు నిలబడి ఉంది. మనుషుల అలవాటు వల్ల వచ్చే గుట్ట అంత నిటారుగా ఉండదు, దాన్ని కోడే ఆపుతోందన్నమాట. వెతికితే స్టీరింగ్ ఫిల్టర్ దొరికింది. బొటనవేలి చిన్న కదలికను కారు చక్రాల కోణంగా మార్చేందుకు, ఏ వేగంలో చక్రం గరిష్ఠంగా ఎంత తిరగవచ్చో చెప్పే పట్టిక ఒకటి అందులో ఉంది. దాన్ని గేము మొదటి రోజుల్లో ఎవరో ఎంతో ఓపికగా, చేత్తో, పాత టైరు శిఖరానికి సరిపోయేలా సర్దిపెట్టారు. ఆ పట్టికలో టైరు అన్న మాటే లేదు, ఉన్నవి వేగాలు, కోణాలు మాత్రమే. అందుకే టైరు మారినప్పుడు దాన్ని కూడా మార్చాలని ఎవరికీ తట్టలేదు.

కంప్యూటర్ డ్రైవర్లు వేల ల్యాప్‌లలో ఒక్కసారి కూడా ఎందుకు తిరిగిపోలేదో కూడా అప్పుడే అర్థమైంది. వాటి కోడ్ శిఖరం ఎక్కడుందో టైరు ఫైలు నుంచే నేరుగా చదువుకుంటుంది. మేము శిఖరాన్ని 6.5కు మార్చిన క్షణంలోనే అవి కొత్త టైరుకు అలవాటుపడిపోయాయి. మనిషికి తెలియనిది తెలిసిన డ్రైవరుతో పరీక్షించి, మనిషికి బాగుంటుందని తీర్మానించాం.

ఫలించినది

పరిష్కారం అక్కడే ఉంది: కంప్యూటర్ డ్రైవరు చదివే విలువనే స్టీరింగ్ ఫిల్టర్ కూడా చదవాలి. పట్టికను తీసేసి, కారు అప్పటి వేగం, తిరుగుతున్న రేటు బట్టి ముందు టైర్ల కోణాన్ని అంచనా వేసి, శిఖరానికి తగిన పరిమితి పెట్టేలా ఫిల్టర్‌ను తిరగరాశాం.

పరిమితి సరిగ్గా శిఖరం మీదే ఉండాలా అన్నది తేలికైన ప్రశ్న కాదు. మొదట అలాగే పెట్టాం. అప్పుడు గేమ్‌ప్యాడ్ వాడేవారు స్టిక్‌ను చివరికి నెట్టేసి, ఏ నైపుణ్యమూ లేకుండానే టైరు ఇవ్వగలిగిన గరిష్ఠ పట్టును పొందసాగారు. నిదానమైన మలుపుల్లో వీల్ వాడేవారి కంటే ముందుకు వెళ్లారు. అది అన్యాయం, ఆటలోని పనితనాన్ని కూడా అది తీసేస్తుంది. చివరికి శిఖరం కంటే 10 శాతం ఎక్కువ, అంటే సుమారు 7.2 డిగ్రీల దాకా వదిలాం. అక్కడ తప్పు చేసినవాడికి కాస్త నష్టం తెలుస్తుంది, కానీ తిరిగి వచ్చే దారి భయంకరంగా ఉండదు. కారు వెనకభాగం జారుతున్నప్పుడు ఎదురు స్టీరింగ్‌కు, అంటే వెనకభాగం జారుతున్న వైపుకే చక్రాలు తిప్పడానికి, మాత్రం ఈ పరిమితి వర్తించకుండా చేశాం, ఎందుకంటే అప్పుడు డ్రైవరుకు అవసరమయ్యే కోణం చాలా ఎక్కువ. వెనక టైర్లకు ఇచ్చిన 4 శాతాన్ని వెనక్కి తీసుకున్నాం, స్టెబిలిటీ అసిస్ట్‌ను పాత స్థాయికి తెచ్చాం.

ఈసారి పరీక్ష వేరే విధంగా చేశాం. ఈ పనితో సంబంధంలేని విభాగాల నుంచి గేమ్‌ప్యాడ్ వాడేవారిని పిలిచి, పాత టైరు, పాడైన బిల్డ్, కొత్త బిల్డ్‌లను ఏది ఏదో చెప్పకుండా ఇచ్చాం. వాటితోపాటు ఒకే బిల్డ్‌ను రెండు వేరు పేర్లతో కూడా ఇచ్చాం. ఆ రెండింటి మధ్య తేడా ఉందని ధీమాగా చెప్పినవారు ఉన్నారు. వాళ్లను తప్పుపట్టను, మార్పు ఉందని అనుకున్న చేతికి మార్పు తగులుతుంది. "బాగుందా?" అన్న గడికి ఎంత బరువు ఇవ్వాలో మాత్రం అప్పుడు తెలిసింది. ల్యాప్ టైము సగటును పక్కన పెట్టి, ఒకే డ్రైవరు ఒకే మలుపును ఇరవైసార్లు తిరిగినప్పుడు అతని దారి ఎంత చెదిరిందో కొలిచాం. పాడైన బిల్డ్‌లో అదృష్టం కలిసివచ్చిన ల్యాప్‌లు వేగంగానే ఉన్నాయి, అందుకే ఉత్తమ ల్యాప్ టైము ఏమీ చెప్పలేదు. చెదిరిన దారులే అసలు విషయం చెప్పాయి.

కోరుకున్నవారి కోసం ముందుగా పరీక్షా శాఖలో, అంటే అందరికంటే ముందే ఆడి చూసే విడి వెర్షన్‌లో, రెండు వారాలు ఉంచి, ఆ తర్వాతే అందరికీ పంపాం. లీడర్‌బోర్డులను ఫిజిక్స్ వెర్షన్ల వారీగా విడదీసి, పాత రికార్డులను చూడటానికి వీలుగా అలాగే ఉంచాం.

జిల్లుమన్న వీల్ సంగతి

సపోర్టుకు పంపేసిన ఆ ఫిర్యాదులను పరీక్షా శాఖ నడుస్తున్నప్పుడే మళ్లీ తెరిచాను. అందరూ పొడవైన స్ట్రెయిట్లు ఉన్న ట్రాక్‌లనే చెప్పారు, పరికరాలు మాత్రం వేర్వేరు తయారీదారులవి. పరికరపు లోపం ట్రాక్‌ను ఎంచుకోదు.

మా ఫిజిక్స్ సెకనుకు 240 సార్లు లెక్కిస్తుంది, ఆ ఒక్కో లెక్కనే ఇక్కడ అడుగు అంటున్నాను. టైరు బలం ప్రతి అడుగులోనూ తన గమ్యానికి మిగిలిన తేడాలో ఎంత వంతు కదలాలో, ఆ అడుగులో కారు వెళ్లిన దూరాన్ని రిలాక్సేషన్ లెంగ్త్‌తో భాగిస్తే వస్తుంది. ఆ భాగఫలం 1 లోపు ఉంటే విలువ నెమ్మదిగా గమ్యం చేరుతుంది, 1 దాటితే గమ్యాన్ని దాటేసి వెనక్కి వస్తుంది, 2 దాటితే ప్రతి అడుగులోనూ ముందటికన్నా ఎక్కువగా అటూ ఇటూ కొట్టుకుంటుంది. 0.15 మీటరుకు రెట్టింపు 0.3 మీటరు, దాన్ని 240తో గుణిస్తే సెకనుకు 72 మీటర్లు, గంటకు దాదాపు 259 కిలోమీటర్లు, ఆ వేగం దాటితే భాగఫలం 2 దాటుతుంది. మా పరీక్షా ట్రాక్‌లో అతి పొడవైన స్ట్రెయిట్ చివర కార్లు గంటకు 240 కిలోమీటర్ల దాకానే వెళ్తాయి. పాత 0.5 మీటరుతో ఆ హద్దు గంటకు 864 కిలోమీటర్లు, దాన్ని ఏ కారూ తాకలేదు. అందుకే అన్నేళ్లలో ఆ కోడ్‌లోని బలహీనత ఎవరికీ కనిపించలేదు. కోడ్‌లో వేరే పరిమితి ఒకటి ఉండటంవల్ల కారు పిచ్చిగా ఎగరలేదు, ఆ కొట్టుకోవడం వీల్‌లో జిల్లుమనే వణుకుగా మాత్రమే బయటపడింది. అడుగుల వారీ లెక్క బదులు ఘాతాంక రూపంలో లెక్కించేలా రెండు వరుసల కోడ్ మార్చాం. ఆ రూపంలో విలువ ఏ వేగంలోనూ గమ్యాన్ని దాటదు.

నేర్చుకున్నవి

ఒక విలువను మార్చేముందు దాన్ని చదివేవాటితో పాటు, చదవకుండానే దానిపై ఆధారపడేవాటిని కూడా వెతకాలి. చదివేవి కోడ్‌లో వెతికితే దొరుకుతాయి. చదవనివి, మా పట్టికలాగా, ఒకప్పుడు ఎవరో చేత్తో సర్దిపెట్టిన అంకెల్లో దాగి ఉంటాయి. ఇప్పుడు మా బృందంలో చేత్తో సర్దిన ప్రతి అంకె పక్కనా, అది ఏ టైరు మీద, ఏ పరికరంతో సర్దినదో రాయడం తప్పనిసరి. ఇది చాదస్తంగా కనిపించవచ్చు కానీ, ఆ ఒక్క వరుస ఉండి ఉంటే ఈ కేసే లేదు.

హ్యాండ్లింగ్ మార్పును ఇప్పుడు ఇంకే మార్పుతోనూ కలిపి పంపం, అవసరమైతే సర్వర్ నుంచే ఆపగలిగే స్విచ్ వెనక ఉంచుతాం. పరీక్షా ట్రాక్‌లను కూడా మార్చాం. కార్లు చేరగల గరిష్ఠ వేగం, కనిష్ఠ వేగం, తడి ఉపరితలం, ఎగుడుదిగుడు గట్లు, ఇవన్నీ మొత్తం మీద తగిలేలా మూడు ట్రాక్‌లు వాడుతున్నాం. పరీక్షకు కేటాయించిన రోజులు తగ్గితే మార్పు తర్వాతి అప్‌డేట్‌కు వెళ్తుంది. దీనికోసం జరిగిన వాదనలే అన్నిటికన్నా కష్టమైనవి, అందులో కొన్ని నేను ఓడిపోయాను.

కీబోర్డుతో ఆడేవారి సంగతి ఇంకా తేలలేదు. కీకి నొక్కడం, వదలడం రెండే స్థితులు. ఫిల్టర్ టైరు శిఖరాన్ని చదువుతున్నా, చక్రం ఎంత వేగంగా ఆ శిఖరానికి చేరాలన్న రేటు మాత్రం ఇప్పటికీ చేత్తో సర్దిన అంకే. దాని పక్కన ఇప్పుడు ఒక వరుస రాసి ఉంది: పాత టైరు మీద సర్దినది, కొత్తదాని మీద పరీక్షించవలసి ఉంది.